నెట్‌లో ఎక్కడో ఉంటుందిలే!

మొన్నొకరోజు ఆఫీసులో భోజనాల దగ్గర నా ధోరణిలో నేను జపాన్ వాళ్ళ పాత కంప్యూటర్ ఆటల గురించి చెప్పుకుపోతున్నాను. 1980ల్లో ఫ్లాపీల మీద వచ్చిన ఆటలు ఒక్కొక్కటే ఎలా చచ్చిపోతున్నాయో, వాటిని కాపాడ్డానికి కొంతమంది ఎన్ని తిప్పలు పడుతున్నారో.. ఇలా. మా టీములో ఒకాయన, పదిహేనేళ్ళ అనుభవం ఉన్న మనిషి, పెరుగన్నం కలుపుకుంటూ ఒక్క ముక్కలో తేల్చేశారు. "ఎందుకు బాబూ అంత బాధ? నెట్‌లో ఎక్కడో ఉంటుందిలే!"

అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు లెండి, మంచి మనిషి. ఆ మాట మీద. ఎందుకంటే అది ఆయనొక్కడి మాట కాదు, సాఫ్ట్‌వేర్ వాళ్ళం అందరం మతంలా నమ్మే మాట. కాగితం చిరుగుతుందిట, ఫిల్ము తగలబడుతుందిట, బిట్లు మాత్రం శాశ్వతమట! మన వృత్తిలో ఇంతకంటే పెద్ద అబద్ధం ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. దానికి సాక్ష్యంగా ఆ పాత ఆటల్నే పిలుస్తాను. కాస్త ఓపిక పట్టండి.

ముందు అసలు ఏమిటీ ఆటలు? జపాన్ ఆటలంటే మనకి మారియో, పోకెమాన్. 1983లో నింటెండో ఫామికామ్ వచ్చింది, కథ అక్కడ మొదలు అనుకుంటాం. కానీ అప్పటికే అక్కడ ఇంకో లోకం నడుస్తోంది. ఎన్‌ఈసీ వాళ్ళ పీసీ-8801 (1981), పీసీ-9801 (1982), ఫుజిత్సు ఎఫ్ఎమ్-7 (1982), షార్ప్ ఎక్స్1 (1982), ఎమ్మెస్సెక్స్ (1983), తరవాత షార్ప్ ఎక్స్68000 (1987), ఎఫ్ఎమ్ టౌన్స్ (1989). వీటిల్లో చాలావాటికి ఒకదాని ప్రోగ్రాము ఇంకోదాంట్లో నడవదు. కంజి అక్షరాలు తెర మీద స్పష్టంగా కనపడాలంటే చుక్కలు ఎక్కువ కావాలి, వేలకొద్దీ అక్షరాల బొమ్మలు చిప్పులో పెట్టుకోవాలి. అందుకని వాళ్ళ యంత్రాలు వాళ్ళవే. విండోస్ 95 వచ్చేదాకా జపాన్లో పీసీ అంటే ప్రధానంగా పీసీ-98 వంశమే.

ఈ యంత్రాల మీద ఏం పుట్టాయో చూడండి. 1983లో యూజీ హోరీ పోర్టోపియా అనే హత్యకేసు ఆట రాశాడు. మూడేళ్ళ తరవాత డ్రాగన్ క్వెస్ట్ తెచ్చింది ఆయనే. 1984లో నెదర్లాండ్స్‌లో పుట్టిన హెంక్ రోజర్స్ బ్లాక్ ఓనిక్స్ రాసి, ఆర్పీజీ అంటే ఏంటో తెలీని జపాన్ కుర్రాళ్ళకి అదేంటో నేర్పాడు. అదే ఏడు హైడ్లైడ్, డ్రాగన్ స్లేయర్ యాక్షన్ ఆర్పీజీకి దారి వేశాయి. 1985లో వచ్చిన జనాడు నాలుగు లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. కోజిమా 'స్నాచర్' 1988లో ముందు వచ్చింది పీసీ-8801, ఎమ్మెస్సెక్స్2ల మీదే. యూజో కోషిరో పీసీ-88 మీద సంగీతం రాయటానికి ఎంతలా అలవాటు పడ్డాడంటే, 1991లో సెగా వాళ్ళ 'స్ట్రీట్స్ ఆఫ్ రేజ్'కి కూడా ఆ పాత పెట్టె మీదే బాణీలు కట్టాడు.

ఇవి పేరున్నవి కాబట్టి బతికాయి. వీటి కింద పేరు లేనివి కొల్లలు. కాలేజీ కుర్రాళ్ళు రాసినవి, ఇద్దరు ముగ్గురు కలిసి పెట్టిన కంపెనీలు కొద్దిపాటి ప్రతులు అచ్చేసి అమ్మినవి. పేరున్న పది ఆటలు చూసి జపాన్ ఆటల చరిత్ర రాయటం, పంచకావ్యాలు చదివేసి తెలుగు సాహిత్యం ఇంతే అనటం లాంటిది. ఒక ఆలోచన మొదట ఎవరికి వచ్చింది, ఎవరు ఎవర్ని చూసి నేర్చుకున్నారు అన్నది తెలియాలంటే ఆ చిన్నాచితకా ఆటలే కావాలి. పోతున్నవి కూడా సరిగ్గా అవే.

ఎలా పోతున్నాయి అంటారా? ఫ్లాపీ అంటే ప్లాస్టిక్ బిళ్ళ మీద అయస్కాంత పూత. ఆ పూత ఊడుతుంది, అయస్కాంతత్వం సన్నగిల్లుతుంది. జపాన్లో వానల కాలం చెమ్మకి బూజు పడుతుంది. బూజు పట్టిన ఫ్లాపీని ఆత్రంగా డ్రైవులో పెట్టారో, హెడ్డు దాన్ని గీకేస్తుంది. డేటా పోతుంది, ఆ మురికి హెడ్డుతో తరవాత పెట్టిన ఫ్లాపీ కూడా పోతుంది.

సరే, శుభ్రం చేసి పెట్టాం. కాపీ చేస్తే అయిపోయిందిగా? అక్కడే ఉంది తిరకాసు. మామూలు డ్రైవు సెక్టార్లు చదివి మనకిస్తుంది. ఆ రోజుల్లో కంపెనీలు కాపీలు ఆపటానికి కావాలనే తప్పు సీఆర్సీ ఉన్న సెక్టార్లు, ఒకే నంబరుతో రెండు సెక్టార్లు, చదివిన ప్రతిసారీ వేరే విలువ వచ్చే బలహీనమైన బిట్లు పెట్టేవి. ఆట మొదలవగానే ఆ "తప్పు" ఉందా లేదా అని చూస్తుంది. తప్పు ఉంటేనే అసలు డిస్కు! మామూలు పద్ధతిలో కాపీ చేస్తే ఆ తప్పే పోతుంది. అందుకని పరిరక్షకులు క్రయోఫ్లక్స్, గ్రీజ్‌వీజిల్ లాంటి బోర్డులు వాడి సెక్టార్ల జోలికి పోకుండా, బిళ్ళ మీద అయస్కాంతపు దిశ ఎక్కడెక్కడ మారిందో, ఎంతెంత సమయం తేడాతో మారిందో ఉన్నదున్నట్టు రికార్డు చేస్తారు. అర్థం తరవాత చెప్పుకోవచ్చు, ముందు గుర్తు మిగలాలి అన్నది వాళ్ళ సూత్రం.

ఇప్పుడు మా ఆయన అన్న "నెట్‌లో ఉన్నది" ఏంటో చూద్దాం. చాలాసార్లు అది ఎవరో ఎప్పుడో తాళం పగలగొట్టిన కాపీ. రక్షణ తీసేశాడు, పోతూపోతూ తన పేరు తగిలించాడు. ఒక్కోసారి ఎవరో సగం ఆడి వదిలేసిన సేవ్ దాంట్లోనే ఉంటుంది. రెండో డిస్కు ఉండదు. అది మొదటి వెర్షనో, తప్పులు దిద్దిన తరవాతదో తెలీదు. మాన్యువల్ ఉండదు. ఫలానా పేజీలో ఉన్న మాట కొట్టమని అడిగే ఆటకి మాన్యువల్ లేకపోతే ఏం చేస్తాం?

మనకిది కొత్త సమస్య కాదు. తాళపత్రాలున్న జాతి మనది. పాఠభేదాలు, లేఖక దోషాలు, ప్రక్షిప్తాలు అనే మాటలు మనకి ఎప్పటినుంచో ఉన్నాయి. బ్రౌన్ దొర వేమన పద్యాలకి ఒక ప్రతి దొరికిందిలే అని ఊరుకోలేదు. ప్రతులు పోగుచేసి, పండితుల్ని పెట్టి, ఒకదానితో ఒకటి పోల్చి రాయించాడు. ఫ్లాపీల దగ్గర కూర్చున్నవాళ్ళు చేస్తున్నది అదే పని. నెట్‌లో దొరికిన తాళం పగిలిన కాపీ వేమన పేరు మీద ఎవరో అల్లిన పద్యం లాంటిది. చదువుకోటానికి బానే ఉంటుంది, ఆధారంగా పనికిరాదు.

అయినా ఫ్లాపీగా అమ్ముడైన ఆట కాస్త అదృష్టవంతురాలు. కనీసం వస్తువుంది. అసలు వస్తువే లేని ఆటల సంగతి?

బ్రదర్ కంపెనీ (అవును, కుట్టుమిషన్ల వాళ్ళే) 1986 నుంచి 1997 దాకా 'తకేరు' అని సాఫ్ట్‌వేర్ అమ్మే యంత్రాలు నడిపింది. డబ్బులేస్తే ఖాళీ ఫ్లాపీ మీద ఆట రాసిచ్చేది. యాప్ స్టోరుకి తాతన్నమాట. కొన్ని ఆటలు అందులో తప్ప ఇంకెక్కడా దొరికేవి కాదు. నింటెండో 1995లో సూపర్ ఫామికామ్‌కి శాటెల్లావ్యూ అనే పెట్టె తగిలించి ఉపగ్రహం మీంచి ఆటలు ప్రసారం చేసింది. 2000 దాకా నడిచింది. దించుకునే మెమరీ పాక్ సైజు ఒక ఎంబీ. కొత్త ఆట కావాలంటే పాతది చెరపాలి. కొన్ని ఆటలకైతే నటుల గొంతులు రేడియో నాటకంలా అదే గంటలో ప్రసారమయ్యేవి. ఆ గొంతులు మెమరీ పాక్‌లోకి ఎక్కేవే కావు. అక్కడి జెల్డా ఆట ఎలా వినపడేదో ఇవాళ తెలుస్తోందంటే, ఎవరో అభిమానులు వీహెచ్ఎస్ టేపు మీద రికార్డు చేసుకోబట్టి. వాళ్ళు ఆరోజు సినిమాకి వెళ్ళుంటే అంతే సంగతులు.

ఫోన్ ఆటలదీ అదే గతి. 1999లో డొకోమో ఐ-మోడ్ మొదలెట్టింది. 2001 నుంచి ఆ ఫోన్లలో జావా ఆటలు. 2004లో ఫైనల్ ఫాంటసీ 7కి పూర్వకథగా 'బిఫోర్ క్రైసిస్' ఫోన్లలోనే వచ్చింది, 2018లో సర్వర్లు ఆపేశారు. ఐ-మోడ్‌కి 2026 మార్చి 31 ఆఖరి రోజని కూడా డొకోమో ఎప్పుడో ప్రకటించేసింది. దించుకున్న ఆట ఆ ఫోనుకే అతుక్కుని ఉంటుంది, కొత్త ఫోనుకి మారదు. ఎక్కడో సొరుగులో బ్యాటరీ ఉబ్బిన ఫోను ఒకటి చస్తే, దాంట్లో ఉన్న ఆట ఆఖరి ప్రతి కూడా చచ్చి ఉండొచ్చు. ఎవరికీ తెలీదు.

"కంపెనీలు దాచుకోవా? వాళ్ళ ఆస్తి కదా" అనొచ్చు మీరు. దాచుకున్న తీరు చూడండి మరి. స్క్వేర్ వాళ్ళు 2002 నాటి కింగ్‌డమ్ హార్ట్స్‌ని 2013లో కొత్తగా తేబోతే అసలు డేటా లేదు. అమ్ముడైన డిస్కుల్నే తవ్వుకుని చాలాభాగం మళ్ళీ కట్టుకోవాల్సొచ్చింది. కొనామి 2012లో సైలెంట్ హిల్ పాత ఆటల్ని హెచ్‌డీలో తెచ్చినప్పుడు, పనిచేసే జట్టు చేతికొచ్చిన సోర్సు కోడు ఆఖరి వెర్షన్‌దే కాదు. లక్షల ప్రతులు అమ్మిన పెద్ద కంపెనీల సంగతే ఇది! ఇక మూడు ఆటలు చేసి 1988లో మూతపడిన కంపెనీ సోర్సు ఎక్కడుంటుంది? ఉన్నవాటిని అమ్మే కొట్లూ శాశ్వతం కాదు. 2023 మార్చి 27న నింటెండో 3డీఎస్, వీ యూ ఆన్‌లైన్ కొట్లు రెండూ మూసేసింది. అమెరికాలో అదే ఏడు వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్క తీస్తే, 2010కి ముందు అక్కడ విడుదలైన ఆటల్లో 87 శాతం మార్కెట్లో దొరకట్లేదని తేలింది.

పోనీ ప్రభుత్వం? జపాన్ జాతీయ గ్రంథాలయానికి డిస్కుల మీద వచ్చే ప్రచురణలు, ఆటలతో సహా, ఒక ప్రతి ఇవ్వాలన్న నియమం వచ్చింది 2000 అక్టోబరులో. అంటే నేను పైన చెప్పిన స్వర్ణయుగం అంతా ఆ గీతకి అవతలే ఉంది.

ఇక చట్టం. ఇక్కడే నాకు అసలు కోపం. జపాన్ 2018 డిసెంబరు 30న కాపీరైటు గడువుని 50 ఏళ్ళ నుంచి 70కి పెంచింది. కంపెనీ పేరుతో 1984లో వచ్చిన ఆటకి 2054 చివరిదాకా రక్షణ అన్నమాట. ఎవరి రక్షణ? ఆ ఫ్లాపీ 2054 దాకా ఉంటుందా? వస్తువు చచ్చిపోయాక కూడా దాని హక్కు బతికే ఉంటుంది. శవానికి ఇన్సూరెన్సు కట్టినట్టు! అక్కడి చట్టం సొంత వాడకానికి నకలు తీసుకోనిస్తుంది, కానీ కాపీ రక్షణని దాటి తీసుకుంటే ఒప్పుకోదు. ఆ ఫ్లాపీల నిండా ఉన్నదే కాపీ రక్షణ! భద్రపరచటానికి నకలు తీసే వెసులుబాటు గ్రంథాలయాల లాంటి చట్టం గుర్తించిన సంస్థలకి ఉంది. ఫ్లాపీలున్నవేమో మామూలు ఇళ్ళల్లో, అటకల మీద. హక్కుదారు ఆచూకీ దొరక్కపోతే సాంస్కృతిక శాఖకి దరఖాస్తు పెట్టి, పరిహారం డిపాజిట్ చేసి అనుమతి తెచ్చుకునే దారి ఉంది. 2023లో ఇంకాస్త సులువైన పద్ధతి కోసం చట్టాన్ని సవరించారు కూడా. మంచిదే. కానీ కంపెనీ మూతపడి, హక్కులు ఎవరికి చేరాయో తెలీని వందల ఆటలకి ఒక్కొక్క దరఖాస్తు రాస్తూ కూర్చుంటే, బూజు ఆగుతుందా?

అమెరికాలో ఇంకో విడ్డూరం. మార్కెట్లో లేని ఆటల్ని పరిశోధకులు లైబ్రరీకి రాకుండా దూరం నుంచే చూసే వీలు ఇవ్వమని పరిరక్షకులు అడిగితే, 2024 అక్టోబరులో అక్కడి కాపీరైటు ఆఫీసు కాదంది. వ్యతిరేకుల వాదన ఏంటంటే, పరిశోధన పేరు చెప్పి సరదాకి ఆడేస్తారుట! పుస్తకాన్ని ఎవరైనా సరదాకి చదివేస్తారేమో అని లైబ్రరీకి తాళం వేస్తారా అండీ?

కంపెనీల పక్షం కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. కోడు రాసి బతికేవాణ్ణి, రాసినవాడికి డబ్బు రావద్దని నేనెలా అంటాను? ఇప్పటికీ అమ్ముతున్న ఆటని ఊరికే దింపుకోటం దొంగతనమే. ప్రాజెక్ట్ ఎగ్ వాళ్ళు 2001 నుంచి పాత జపాన్ పీసీ ఆటల్ని హక్కులు కొని మరీ అమ్ముతున్నారు. జీ-మోడ్ 2020లో తన పాత ఫోను ఆటల్ని స్విచ్ మీదకి తేవటం మొదలెట్టింది. వీళ్ళకి దణ్ణం పెట్టాలి. కానీ వ్యాపారి అమ్ముడయ్యేవే ఎంచుకుంటాడు, అది వాడి తప్పు కాదు. అమ్ముడుపోని ఆట ఆఖరి ప్రతిని వ్యాపారికి వదిలేయటం మాత్రం మన తప్పే. నేనడిగేది అమ్మకం గురించి కాదు, చావకముందు నకలు తీసుకోనివ్వమని. నన్నయ రాసిన తాటాకు ఇవాళ ఎవరి దగ్గరా లేదు. భారతం మనదాకా వచ్చిందంటే తరతరాలుగా ఎవరెవరో కూర్చుని నకళ్ళు రాయబట్టే. డెబ్భై ఏళ్ళు ఎవరూ రాయకూడదు అని చట్టం ఉండుంటే?

సేకరించి దాచుకునే మహానుభావులకి కూడా ఒక అక్షింత. అరుదైన ఆటని వేలంలో కొని, సీలు విప్పకుండా అద్దాల బీరువాలో పెట్టి, "ప్రపంచంలో నా ఒక్కడి దగ్గరే ఉంది" అని మురిసిపోతారు. లోపల ఏముందో మీకైనా తెలుసా స్వామీ? సీలుతో పాటు లోపల బిట్లు కూడా చెక్కుచెదరకుండా ఉన్నాయని ఎవరు చెప్పారు? నకలు తియ్యనిస్తే పెట్టె విలువ పడిపోతుందని భయం.

మరి పని చేస్తున్నది ఎవరయ్యా అంటే, 2011లో టోక్యోలో మొదలైన గేమ్ ప్రిజర్వేషన్ సొసైటీ లాంటి లాభాపేక్ష లేని సంస్థలు. దాన్ని నడిపించే జోసెఫ్ రెదోన్ ఫ్రాన్సు నుంచి వెళ్ళినవాడు. క్యోటోలో రిత్సుమేకాన్ విశ్వవిద్యాలయం 1998 నుంచే ఆటల ఆర్కైవు పని చేస్తోంది. జాన్ షెపానియాక్ అనే పాత్రికేయుడు జనం చందాలతో జపాన్ వెళ్ళి, ఆటలు రాసినవాళ్ళని వెతికి పట్టుకుని మాట్లాడించి 2014 నుంచి మూడు సంపుటాలు వేశాడు. ఈ మాట్లాడించటం ఎంత ముఖ్యమంటే, ఆ రోజుల్లో చాలా ఆటల్లో రాసినవాళ్ళ అసలు పేర్లుండవు, మారుపేర్లే. ఎవరు రాశారో వాళ్ళ నోటితో చెప్తేనే తెలిసేది. బబుల్ బాబుల్ చేసిన ఫుకియో మిత్సుజి 2008లో పోయాడు. కెంజి ఎనో 2013లో పోయాడు. మనుషులకి గ్రీజ్‌వీజిల్ బోర్డు లేదు.

ఇక మన సంగతి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక క్లయింటుకి ఎనిమిదేళ్ళ నాటి లెక్కలు కావాల్సొచ్చాయి. బ్యాకప్ టేపులున్నాయి, లేబుళ్ళు ముత్యాల్లా ఉన్నాయి. టేపు డ్రైవు లేదు. డ్రైవు తెప్పిస్తే, ఆ సాఫ్ట్‌వేరు లేదు. అదీ సంపాదిస్తే, టేపుల్లో సగం చదవలేదు. ఆఖరికి పాత ప్రింటవుట్లు వెతికి చేత్తో ఎక్కించాం. ఏళ్ళ తరబడి ప్రతి నెలా "బ్యాకప్ సక్సెస్" అని మెయిలు వచ్చేదిట. తిరిగి తెచ్చి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదని ఆరోజు నేర్చుకున్నాను. జపాన్ ఆటల కథ అదే, కాకపోతే ఇక్కడ ప్రింటవుట్లు కూడా లేవు.

కాబట్టి నా గొడవ మూడు ముక్కల్లో. ఒకటి, పదేళ్ళుగా ఎవరూ అమ్మని ఆటకి, లాభం ఆశించని ఏ సంస్థ అయినా రక్షణ దాటి మరీ నకలు తీసుకునే హక్కు చట్టంలో ఉండాలి. రెండు, ఆ నకలుని పరిశోధకుడు ఎక్కడున్నా చూడనివ్వాలి. మూడు, మనం. మీలో జపాన్లో ఉద్యోగం చేస్తున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. పక్కింటి పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ ఫ్లాపీల డబ్బా బయటపెడితే, చెత్తబండి వచ్చేలోపు ఆపండి. డ్రైవులో పెట్టకండి, ఫార్మాట్ అసలే చెయ్యకండి, తెలిసినవాళ్ళకి అప్పజెప్పండి. అంతే.

అన్నట్టు, ఆరోజు భోజనాల దగ్గర మా ఆయన్ని ఒకే ప్రశ్న అడిగాను. "మీ ఇంజనీరింగు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోడు ఉందా అండీ ఇప్పుడు?"

"ఎందుకు లేదూ, సీడీలో రాసి పెట్టాను. మా ఊళ్ళో బీరువాలో ఉంది."

"చదువుతోందా?"

ఆయన కాసేపు ఆలోచించారు. "చూడాలి.. ఇంట్లో సీడీ డ్రైవున్న కంప్యూటరే లేదు."

"పోన్లెండి, నెట్‌లో ఎక్కడో ఉంటుందిలే" అన్నాను :-)